జంగిల్: పద చరిత్ర

జంగిల్ అనే ఇంగ్లీషు మాట హిందీ, మరాఠీల 'జంగల్' మీదుగా సంస్కృత 'జాంగల' శబ్దం నుంచి వచ్చింది. ఆయుర్వేదం నేలను జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు రకాలు చేసింది. జాంగలమంటే నీటి ఎద్దడి ఉండి ఎండా గాలీ దండిగా తగిలే మెట్ట ప్రాంతం. చరకసంహిత మాంసాలను వర్గాలుగా చెబుతూ జింకలను జాంగల మృగాల్లో చేర్చింది. ఏనుగు, ఖడ్గమృగం, దున్న, పంది మాత్రం నీటిపట్టు నేలల ఆనూప మృగాలు. నేడు జంగిల్ బొమ్మ వేసేవారు ముందుగా గీసే ఏనుగుకు చరకుడి జాంగలంలో చోటే లేదు.

అందుకే, పొడినేల పేరును పరాయివాళ్లు పొరపాటున తడి అడవికి తగిలించారనే మాట వ్యాప్తిలో ఉంది. ఫ్రెంచి పండితుడు ఫ్రాన్సిస్ జిమ్మర్మన్ 1982లో వెలువరించిన గ్రంథం జాంగల, ఆనూపాల మధ్య వైరుధ్యాన్ని గట్టిగా నిరూపించింది. వైరుధ్యం నిజమే కానీ, పొరపాటు వాదం నిలవదు. చరకుడి జాంగలం ఎడారి కాదు. చరకసంహిత కల్పస్థానంలో ఎండమావులు, గులకరాళ్ల సరసనే చండ్ర, రేగు, తుమికి, జమ్మి చెట్లూ కనిపిస్తాయి. ఇక 1776లో హాల్హెడ్ ఇంగ్లీషులో అచ్చువేయించిన హిందూ ధర్మశాస్త్ర సంకలనం ప్రకారం అయిదేళ్లు సాగులేకుండా పడి ఉన్న నేల జంగిల్. అక్కడ వాన ప్రసక్తీ లేదు, చెట్ల ప్రసక్తీ లేదు. నాగలి పడకపోవడమే గుర్తు. బీడులో ముందు గడ్డి, ఆపైన తుప్పలు, వదిలేస్తే చెట్లు. నేల మారుతూ పోయినా పేరు మారలేదు, అర్థమే దాని వెంట నడిచింది. ఇది ఇంగ్లీషు వల్లనే జరిగిందనుకుంటే ఫార్సీ సంగతి తేలదు. ఇరాన్‌లోనూ జంగల్ అంటే అడవే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాస్పియన్ తీరపు గిలాన్ అడవుల్లో సాగిన తిరుగుబాటును జంగలీ ఉద్యమమనే పిలిచారు.

అలాగని ఇంగ్లీషు పాత్రను కొట్టిపారేయలేం. అయితే తడి అడవి బొమ్మకు రచయిత కిప్లింగ్‌ను నిందించడం అన్యాయం. 1894 నాటి ఆయన 'జంగిల్ బుక్'లో మోగ్లీ కథలు జరిగే మధ్య భారతపు సివనీ ఆకురాల్చే అడవుల సీమ; మరుసటి ఏటి రెండో సంపుటంలో ఏరు ఎండిపోయే కరువు కథే ఉంది. వానల అడవి బొమ్మను జనంలో నాటింది 1912లో మొదలైన టార్జాన్ కథలు, వాటిమీద తీసిన సినిమాలు. ఆ కథలు ఆఫ్రికావి. వృక్షశాస్త్రంలో మాత్రం జర్మన్ శాస్త్రవేత్త షింపర్ 1898లో వాడిన వానల అడవి అనే పేరే స్థిరపడింది.