గాయకుని ఇంట బొమ్మ రైళ్ళు

తిరునాళ్ళలో తాళంచెవి రైలు కొనిపించుకొని, ఇల్లు చేరేలోగా దాని స్ప్రింగు విరగ్గొట్టుకున్న జ్ఞాపకం మనలో చాలామందికి ఉంటుంది. పెద్దయిన తరువాత ఆ సరదా సామాన్యంగా పోతుంది. పోనివారు కొందరుంటారు. 1945లో కెనడాలోని టొరాంటోలో పుట్టి, అమెరికాలో స్థిరపడి, లోకప్రసిద్ధుడైన గాయకుడు నీల్ యంగ్ అట్టివారిలో ఒకడు. ఆయన పాటల గొప్పతనం చెప్పగలవారు వేరే ఉన్నారు. భౌతికశాస్త్రం పాఠం చెప్పుకునే నావంటివానికి ఆయన రైళ్ళమీదనే ఎక్కువ ఆసక్తి.

1978లో ఆయనకు ఒక కుమారుడు కలిగాడు. ఆ బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ అనే వ్యాధి. మెదడులోని లోపంవల్ల కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట రాలేదు. యంగ్‌కు చిన్ననాటి నుంచీ ఉన్న రైళ్ళ పిచ్చి ఇప్పుడు తండ్రీ కొడుకులిద్దరిదీ అయినది. కాలిఫోర్నియాలోని తన క్షేత్రంలో ఒక పెద్ద కొట్టం నిండా ఆయన పట్టాలు పరిచాడు. రెడ్‌వుడ్ చెట్ల మొద్దులే కొండలు. వాటిమీద పెంచినది నిజమైన నాచు. అంతా బాగానే ఉన్నది. కాని ఆట అంటే చూస్తూ కూర్చోవడం కాదు గదా! రైలు కదలాలంటే మీట తిప్పవలె. ఆ పిల్లవానికి చెయ్యి తిరగదు.

మీట తీసి ఒక బొత్తాం పెడితే సరిపోదా అని పాఠకులకు తోచవచ్చు. సరిపోదు. ఎందుకో తెలియాలంటే ఆ రైళ్ళు నడిచే తీరు కొంచెం చూడవలె.

అవి లయొనెల్ కంపెనీవారి రైళ్ళు. జాషువా లయొనెల్ కోవెన్ అనే ఆయన 1900లో న్యూయార్కులో ఈ కంపెనీ స్థాపించాడు. ఆయన మొదట చేసిన బండి దుకాణాల అద్దాల వెనుక సరుకులు తిప్పి చూపడానికి. వచ్చినవారు సరుకులు వదలి బండినే అడగడం మొదలుపెట్టారట! ఈ రైళ్ళకు పట్టాలు మూడు. నడిమి పట్టా ద్వారా సుమారు 18 వోల్టుల ఏకాంతర విద్యుత్తు వస్తుంది. అంచు పట్టాల ద్వారా తిరిగి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు మీట తిప్పి వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది. వెనుకకు నడపాలంటే కరెంటు ఒక్క క్షణం ఆపి మళ్ళీ ఇవ్వాలి. అలా ఆపినప్పుడల్లా ఇంజనులోని ఒక రిలే ముందుకు, ఆగు, వెనుకకు, ఆగు అని వరుసగా మారుతుంది. కూత వేయించాలంటే ఏకాంతర విద్యుత్తుమీద కొంచెం ఏకముఖ విద్యుత్తు కలపాలి. ఇది 1935 నాటి ఏర్పాటు, చాలా తెలివైనది కూడా.

కాని దీనిలో ఒక మూల దోషం ఉన్నది. శక్తి పోయే దారీ, ఆజ్ఞ పోయే దారీ ఒక్కటే. ఏ ఆజ్ఞ ఇవ్వాలన్నా శక్తినే ఎక్కువ తక్కువ చేయవలె, లేదా తెంచవలె. అన్నం పెట్టే చెయ్యి ఆపితే తప్ప మాట వినిపించని ఇల్లు వంటిదిది. ఒకే పట్టాలమీద రెండు ఇంజన్లు పెడితే రెండూ ఒకే ఆజ్ఞకు కదలుతవి. చేతివేళ్ళు చక్కగా ఆడేవారు ఈ అవస్థకు అలవాటు పడిపోయారు. అలవాటు పడలేనివాడు ఆ పిల్లవాడు ఒక్కడే.

యంగ్ ఇంజనీర్లను కూర్చుకొని, కొడుకు తల కదిపి నొక్కగల ఒక స్విచ్చి అమర్చాడు. కాని ఒక్క నొక్కుకు అర్థం ఉండాలంటే ఇంజనుకే కొంత బుద్ధి ఉండాలి. 1992లో ఆయన లయొనెల్ యజమాని రిచర్డ్ కూన్‌తో కలిసి లయన్‌టెక్ అనే సంస్థ పెట్టాడు. దాని ఫలమైన ట్రెయిన్‌మాస్టర్ పద్ధతి 1990ల మధ్యలో అంగడికి వచ్చినది.

ఇందులో పట్టాలకు ఎల్లప్పుడూ పూర్తి 18 వోల్టులూ ఇచ్చి ఉంచుతారు. చేతిలోని పరికరం రేడియో ద్వారా ఒక పెట్టెకు ఆజ్ఞ పంపుతుంది. ఆ పెట్టెనుంచి ఒకే ఒక తీగ అంచు పట్టాకు పోతుంది. దానిమీద సెకనుకు 4,55,000 కంపనాల సంకేతం నడుస్తుంది. పాత వాల్వు రేడియో విప్పి చూచినవారికి ఈ 455 కిలోహెర్ట్జ్ పాత చుట్టమే. పట్టాలు ఏరియల్ పని చేస్తవన్నమాట. ప్రతి ఇంజనులో ఒక గ్రాహకం, ఒక చిన్న మైక్రోప్రాసెసర్. ప్రతిదానికీ 1 నుంచి 99 లోపు ఒక నంబరు. తన నంబరు విన్న ఇంజనే కదలుతుంది. పరికరంమీది ఎర్రని గుండ్రటి మీట ఎంత తిప్పినా ఆగదు. అది ఎక్కడున్నదో ఇంజనుకు అక్కరలేదు, ఎంత తిరిగినదో చాలు.

ఇదంతా యంగ్ ఒక్కడే కనిపెట్టాడనడం న్యాయం కాదు. లయొనెల్‌వారే 1946లో రేడియో తరంగాలతో ఒక సెట్టు చేసి, కొద్ది సంవత్సరాలకే మానివేశారు. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ 1980లలోనే వేరొక పద్ధతిలో ఇంజన్లకు నంబర్లు ఇచ్చినది. అయితే బొమ్మ రైళ్ళకు సంబంధించిన ఏడు అమెరికన్ పేటెంట్లమీద సహ ఆవిష్కర్తగా ఆయన పేరున్నది. గాయకుడు పేరు మాత్రమే అరువిచ్చాడనుకునేవారు దీనిని గమనించవలె.

1995లో కొందరు పెట్టుబడిదారులతో కలిసి ఆయన కంపెనీనే కొన్నాడు. తరువాతి కథ కొంత చేదు. వ్యాపార రహస్యాలు దొంగిలించారని ప్రత్యర్థి కంపెనీ వేసిన దావాలో 2004లో జ్యూరీ 4 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమన్నది. ఆ తీర్పును 2006లో పైకోర్టు కొట్టివేసినది. ఈలోగా దివాలా రక్షణ కోరిన కంపెనీ 2008లో బయటపడినా, యంగ్ వాటా మిగలలేదు.

ఆ పిల్లవాని తల్లి పెగీ 1986లో మరికొందరితో కలిసి కాలిఫోర్నియాలో బ్రిడ్జి స్కూలు అనే పాఠశాల స్థాపించినది. మాటరాని, అవయవాలు ఆడని పిల్లలు స్విచ్చులతో, యంత్రాలతో తమ మనసులోని మాట చెప్పడం నేర్చుకునే చోటది. 2017లో యంగ్ తన రైళ్ళను చాలావరకు లాస్ ఏంజెలెస్‌లో వేలం వేయించాడు. వాటిలో స్వయంగా మార్పులు చేసుకున్న ఇంజన్లూ ఉన్నవి.