సముద్రం దాటిన బ్రిటిష్ టీవీ

1953 జూన్ 2న లండన్‌లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం జరుగుతుండగానే, బీబీసీ ప్రసారాన్ని టీవీ తెర మీద నుంచి ఫిల్ములోకి ఎక్కించారు. ఆ రీళ్లను బ్రిటిష్ వైమానిక దళపు కాన్‌బెర్రా జెట్ విమానాలు అట్లాంటిక్ దాటించాయి. కెనడా జనం ఆ వేడుకను అదే రోజు తమ టీవీల్లో చూశారు. అప్పటికింకా ఉపగ్రహాలు లేవు. బ్రిటన్ కార్యక్రమం పరాయి దేశం చేరాలంటే ఫిల్ము డబ్బా ప్రయాణం కట్టాల్సిందే.

తర్వాతి ఇరవయ్యేళ్లూ చాలావరకు ఇదే పద్ధతి. తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి 16 ఎంఎం కాపీలు తీసేవారు. ఒక దేశం చూశాక అదే కాపీ మరో దేశానికి వెళ్లేది. హక్కుల గడువు తీరాక దాన్ని తిప్పి పంపాలి, లేదా నాశనం చెయ్యాలి. అందరూ అంత శ్రద్ధగా చెయ్యలేదు, అదే మేలయింది. ఎందుకంటే అసలు రికార్డింగులుండే వీడియో టేపు అప్పట్లో ఖరీదైనది, తుడిచి మళ్లీ వాడుకోవచ్చు. పైగా నటుల సంఘంతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితి ఉండేది. అందుకే బీబీసీ తన పాత టేపులను తనే చెరిపేసింది. 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్‌లో అలా పోయిన కొన్ని భాగాలు 1990ల మొదట్లో హాంకాంగ్‌లోనూ, మరో తొమ్మిది 2013లో నైజీరియాలోని జాస్ నగరంలోనూ దొరికాయి. ఇంట్లో పారేసింది పొరుగింటి అటక మీద దొరికినట్టు.

1967 నాటి బీబీసీ సీరియల్ ‘ఫోర్సైట్ సాగా’ సోవియట్ యూనియన్‌కు కూడా అమ్ముడైంది. 1971 జనవరి నుంచి అమెరికాలో పీబీఎస్ ‘మాస్టర్‌పీస్ థియేటర్’ పేరుతో బ్రిటిష్ నాటకీకరణలను వారం వారం చూపింది. మన దూరదర్శన్‌లో ‘యెస్ మినిస్టర్’ వచ్చిందీ ఈ బాటలోనే. అయితే ఇవన్నీ ఆయా దేశాల ప్రేక్షకుల కోసం ఏరి కొన్నవి. ప్రవాస బ్రిటిషర్లకు కావలసింది వేరు: ఊళ్లోవాళ్లు చూస్తున్నదే, వాళ్లతో పాటే చూడాలి.

వీహెచ్‌ఎస్ వచ్చాక ఇంటి దగ్గరివాళ్లు రికార్డు చేసి పార్సిల్ పంపే వీలు కలిగింది. ఆస్ట్రేలియాలో ఆ టేపు చక్కగా ఆడేది. అమెరికాలో మాత్రం మామూలు ప్లేయర్‌లో పెడితే బొమ్మ నిలిచేది కాదు. బ్రిటన్ పాల్ పద్ధతిలో తెరకు 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా ఎన్‌టీఎస్‌సీలో 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు.

2003లో బీబీసీ తన ఉపగ్రహ ఛానెళ్లు చూడ్డానికి స్మార్ట్ కార్డు అక్కర్లేకుండా చేసింది. బయటి దేశాల హక్కులకు భంగం రాకుండా, కిరణాలు ముఖ్యంగా బ్రిటన్, ఐర్లండ్‌ల మీదే పడే ఆస్ట్రా 2డీ ఉపగ్రహాన్ని ఎంచుకుంది. కానీ ఆకాశంలో గోడ కట్టడం కుదరదు. దక్షిణ స్పెయిన్ తీరంలో స్థిరపడ్డ బ్రిటిష్ విశ్రాంత ఉద్యోగులు రెండు మీటర్ల దాకా వెడల్పున్న డిష్‌లు మేడల మీద బిగించి, అంచుల్లో పడే ఆ బలహీన సంకేతాన్నే ఒడిసిపట్టారు. 2014 ఫిబ్రవరిలో ఛానెళ్లు కొత్త ఉపగ్రహాలకు మారగానే ఎన్నో డిష్‌లు ఉత్త గొడుగులైపోయాయి.

2007 క్రిస్మస్ రోజున బీబీసీ ఐప్లేయర్ మొదలైంది. ఇంటర్నెట్‌కు దూరం అడ్డు కాదు, హక్కులే అడ్డు. బ్రిటన్‌లో టీవీ లైసెన్సు రుసుముతో నడిచే ఈ సేవ, ఐపీ చిరునామా చూసి బయటివారికి తలుపు మూస్తుంది. బ్రిటన్‌లో ఉన్నట్టు కనిపించేందుకు చాలామంది వీపీఎన్ పట్టారు. బీబీసీ వాటినీ అడ్డుకోవడం మొదలుపెట్టింది. చందా కట్టి చూసే అంతర్జాతీయ ఐప్లేయర్‌ను 2011లో తెచ్చి 2015లో మూసేసింది.

అడ్డుకోవడం కంటే అమ్మడమే నయమని తేలడానికి మరి కాస్త కాలం పట్టింది. 2010 సెప్టెంబరులో బ్రిటన్ వాణిజ్య ఛానెల్ ఐటీవీలో మొదలైన ‘డౌన్‌టన్ ఆబీ’ అమెరికా చేరేసరికి 2011 జనవరి వచ్చింది. ఆ మూడు నెలల్లో కథ బయటపడకుండా ఉంటుందా? బీబీసీ వాణిజ్య విభాగం, ఐటీవీ కలిసి 2017 మార్చిలో అమెరికాలో బ్రిట్‌బాక్స్ ప్రారంభించాయి. తర్వాత అది కెనడా, ఆస్ట్రేలియాలకు విస్తరించింది. 2024లో ఐటీవీ వాటాను బీబీసీ వాణిజ్య విభాగమైన బీబీసీ స్టూడియోస్ 25.5 కోట్ల పౌండ్లకు కొనేసింది.

‘డాక్టర్ హూ’ విదేశీ ప్రసారం 2023లో డిస్నీ ప్లస్ చేతికి వెళ్లింది. 2024 మే 11న కొత్త భాగాలు బ్రిటన్ ఐప్లేయర్‌లో అర్ధరాత్రి పన్నెండింటికి వచ్చాయి. అప్పుడు న్యూయార్క్‌లో ముందు రోజు సాయంత్రం ఏడు గంటలు. విదేశీ ప్రేక్షకుల వేళకు కుదిరేలా, ఈసారి మేలుకొని కూర్చోవలసి వచ్చింది బ్రిటన్ వాళ్లే.