ప్యాకెట్ మీద హెచ్చరిక: కొనే రైతు చూడాల్సింది, అమ్మే రైతు రాయాల్సింది



పురుగుమందు డబ్బా కొనేటప్పుడు దాని మీద రంగు గుర్తు చూడమని మేము ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నాం. ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ సంగతి ఇప్పుడు చదువు రాని రైతు కూడా చెప్పగలరు. అదే రైతు సాయంత్రం ఇంటికి వెళ్తూ పిల్లలకు ఎర్రటి మిఠాయిలు, రంగు పానీయం కొంటారు. వాటి మీద ఏం రాశారో చూడరు. చూసినా చీమ తలకాయంత అక్షరాలు, అవీ ఇంగ్లీషులో. అందుకే ఈ వ్యాసంలో ఆహార ప్యాకెట్ల మీద ఉండే హెచ్చరికల గురించి తెలుసుకుందాం. బెల్లం, కారం, పచ్చళ్లు ప్యాక్ చేసి అమ్మే వారికి కూడా ఇది అవసరం.

ఏయే వాటికి హెచ్చరిక తప్పనిసరి?

మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద ఏర్పడిన ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఎ.ఐ. సంస్థ లేబుల్ నిబంధనలు పెడుతుంది. వాటి ప్రకారం ముఖ్యమైనవి ఇవి:

- కృత్రిమ తీపి పదార్థాలు: చక్కెర బదులు వీటిని వాడితే ఆ సంగతి చెప్పాలి, పిల్లలకు సిఫారసు చేయడం లేదని రాయాలి. ఆస్పర్టేమ్ ఉంటే, ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవారు వాడకూడదని కూడా రాయాలి.
- కెఫిన్ ఎక్కువగా ఉండే ఎనర్జీ డ్రింకులు: పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని హెచ్చరిక ఉండాలి.
- ఎం.ఎస్‌.జి.: విడిగా కలిపితే ఆ సంగతి, 12 నెలల లోపు శిశువులకు పనికిరాదని రాయాలి.
- సల్ఫైట్లు: కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే తెలపాలి. ఉబ్బసం ఉన్న కొందరికి ఇవి ఆయాసం తెప్పిస్తాయి.
- పాన్ మసాలా, వక్కపొడి: నమలడం ఆరోగ్యానికి హానికరమని రాయాలి.
- రంగులు: సహజమైనవా, కృత్రిమమైనవా అన్నది రాసి, పేరు గానీ నంబరు గానీ వేయాలి.

నంబర్లు గుర్తుపెట్టుకోండి

ఇంగ్లీషు రాకపోయినా అంకెలు అందరికీ వస్తాయి. పదార్థాల జాబితాలో రంగు పక్కన బ్రాకెట్లలో ఈ నంబర్లు ఉన్నాయేమో చూడండి:

- 102 – టార్ట్రాజిన్ (పసుపు)
- 110 – సన్‌సెట్ యెల్లో (నారింజ)
- 122 – కార్మోయిసిన్ (ఎరుపు)
- 124 – పోన్సో 4ఆర్ (ఎరుపు)

ఈ నాలుగూ మన దేశంలో అనుమతి ఉన్నవే. అయితే ఏ ఆహారంలో, ఎంత మోతాదులో కలపాలన్నదానికి పరిమితి ఉంది. వీటిని చూసి విషమని భయపడనక్కరలేదు. కానీ 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనంలో, కొన్ని కృత్రిమ రంగులతో పాటు సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలు తాగిన పిల్లల్లో కొందరికి చంచలత్వం పెరిగినట్లు కనిపించింది. ఆ ఫలితాలపై వాదోపవాదాలు జరిగాయి. అయినా ఐరోపా సమాఖ్య 2010 జులై నుంచి ఆరు రంగులకు హెచ్చరిక తప్పనిసరి చేసింది. 'పిల్లల చురుకుదనం, ఏకాగ్రతపై చెడు ప్రభావం చూపవచ్చు' అని అక్కడి ప్యాకెట్ మీద రాయాలి. పైన చెప్పిన నాలుగూ ఆ ఆరింటిలోవే. అదే రంగు మన ఊరి కొట్లో దొరికే ప్యాకెట్‌లో ఉంటే నంబరు మాత్రమే కనిపిస్తుంది, ఆ హెచ్చరిక ఉండదు.

ఇంకో లోటు భాష. లేబుల్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలని నిబంధన. తెలుగు కూడా వేయవచ్చు, కానీ తప్పనిసరి కాదు. చదవలేని హెచ్చరిక ఉన్నా లేనట్టే. పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తులాగా, ఆహార ప్యాకెట్ ముందు వైపునే అందరికీ అర్థమయ్యే గుర్తు, స్థానిక భాషలో ఒక వాక్యం ఉండాలన్నది ముప్పై ఏళ్లుగా రైతుల మధ్య తిరిగిన నా అభిప్రాయం.

లేబుల్ కాపాడలేనివి

హెచ్చరిక రాసేది అనుమతి ఉన్న పదార్థాలకే. నిషేధించినవాటిని ఏ లేబుల్ వేసినా అమ్మకూడదు.

- కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నిషేధం. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. బదులుగా 100 పీపీఎం వరకు ఇథిలిన్ వాయువు వాడవచ్చు.
- కారంలో, పసుపులో ఏ రంగూ కలపకూడదు. పసుపులో కలిపే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.
- రోడమిన్-బి బట్టలకు వేసే రంగు. ఇది పీచు మిఠాయిలో బయటపడటంతో 2024లో తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించింది.

జాతరల్లో, బళ్ల దగ్గర విడిగా అమ్మే వాటికి లేబులే ఉండదు. కళ్లు చెదిరే రంగు ఉంటే పిల్లలకు కొనకపోవడమే మంచిది.

అమ్మే రైతు మాటేమిటి?

బెల్లం సంగతే తీసుకుందాం. ఒక గానుగ దగ్గర పాకంలో హైడ్రోస్ వేస్తుంటే ఎందుకని అడిగాను. 'వేయకపోతే నల్లగా ఉందని ధర తగ్గిస్తారు సార్. మా ఇంటికి మాత్రం వేయనిదే పక్కన పెట్టుకుంటాం' అన్నాడాయన. తప్పు ఆయన ఒక్కడిదే అనలేను. తెల్లటి బెల్లమే మంచిదనుకునే మనందరిదీ. హైడ్రోస్ వాడితే బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ మిగులుతుంది. అది కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదు. చేత్తో గుప్పెడు వేసేవారికి ఆ లెక్క దొరకదు. మడ్డి తీయడానికి బెండ కాండం జిగురు వాడండి. రంగు ముదురుగానే వస్తుంది. ఆ సంగతి దాచకుండా 'హైడ్రోస్ కలపలేదు, అందుకే ఈ రంగు' అని తెలుగులో లేబుల్ మీద రాయండి. కొనేవారికి కారణం తెలిస్తే ముదురు రంగును తప్పుపట్టరు. అయితే రాసిన మాట నిజమై ఉండాలి. తప్పుడు లేబుల్‌కు 3 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

పొలంలో పండిన పంటను పండినట్టే అమ్మే రైతుకు ఈ చట్టం వర్తించదు. దాన్ని బెల్లంగానో పచ్చడిగానో మార్చి ప్యాక్ చేసి వ్యాపారంగా అమ్మితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అప్పుడు మీ లేబుల్ మీద ఇవి ఉండాలి:

1. పదార్థం పేరు, నికర బరువు, ధర
2. వాడినవన్నీ, ఎక్కువ బరువున్నది ముందు
3. కలిపిన నిల్వ పదార్థాలు, రంగులు, వాటి నంబర్లు
4. తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి
5. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు
6. శాకాహార గుర్తు

అనుమానం వస్తే

ప్యాకెట్ పారేయకండి. బిల్లుతో పాటు దాచి, జిల్లా ఆహార భద్రతా అధికారికి గానీ, 1800112100 టోల్ ఫ్రీ నంబరుకు గానీ ఫిర్యాదు చేయండి.

ఈ రోజు ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. బడికెళ్లే పిల్లలుంటే వారి చేతే నంబర్లు చదివించండి. వాళ్లు ఒకసారి నేర్చుకుంటే కొట్లో మీకంటే ముందు వాళ్లే చూస్తారు.