అల్లాడి సువర్ణ: డిమెన్షియా పరిశోధనలో హైదరాబాద్

అల్లాడి సువర్ణ నాడీవైద్యురాలు, డిమెన్షియా పరిశోధకురాలు. హైదరాబాద్ నిమ్స్‌లో మెమరీ క్లినిక్‌కు వచ్చే రోగుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, ఆ తరువాత బెంగళూరు నిమ్హాన్స్‌లో నాడీవైద్య ఆచార్యురాలయ్యారు. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతోందని 2013లో ఆమె బృందం చెప్పినప్పుడు ఆమె పేరు ప్రపంచమంతా వినిపించింది. పత్రికలు ఆ అంకెను పట్టుకున్నాయి. నిజానికి ఆ అంకె కన్నా దాన్ని రాబట్టిన పద్ధతి విలువైనది. మనిషి చదువునూ భాషనూ వేరు చేసి చూడకుండా అతని మతిమరుపు గురించి ఏమీ తేల్చలేమని, ఆ రెంటినీ వేరు చేయడం సంపన్న దేశాల ఆసుపత్రుల్లో కన్నా హైదరాబాద్‌లోనే సాధ్యమని ఆ పని నిరూపించింది.

ఈ మాట ఎందుకు ముఖ్యమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1906లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఆలోయిస్ అల్జీమర్ తన రోగి మెదడులో చూసిన మచ్చలను, చిక్కుముడులను వివరించాడు. మెదడు ఎంత చెడితే మతి అంత పోతుందని చాలాకాలం అనుకున్నారు. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం వృద్ధాశ్రమాల్లో ఉండి చనిపోయినవారి మెదళ్లను పరిశీలించింది. కొందరి మెదడు నిండా అల్జీమర్స్ గుర్తులున్నా, బతికి ఉండగా వారి బుద్ధి చెక్కుచెదరలేదని తేలింది. దెబ్బను తట్టుకునే నిల్వశక్తి ఏదో మెదడులో ఉంటుందన్న ఆలోచన అక్కడ బలపడింది, కొలంబియా విశ్వవిద్యాలయంలో యాకోవ్ స్టెర్న్ దాన్ని విస్తరించాడు. లోపలి జబ్బుకూ పైకి కనిపించే లక్షణానికీ మధ్య ఉన్న ఈ ఎడమే సువర్ణ తొలి పరిశోధనకు కూడా విషయమైంది. కేంబ్రిడ్జ్‌లో జాన్ హోడ్జెస్ బృందంతో కలిసి ఆమె 2007లో ప్రచురించిన వ్యాసం, మరణానంతరం మెదడు పరీక్ష జరిగిన వందమంది రోగుల గురించినది. వారిలో ఎక్కువమందికి జబ్బు మాట తడబడటంతోనో, ప్రవర్తన మారడంతోనో, చూసింది అర్థం కాకపోవడంతోనో మొదలైంది. అయినా దాదాపు మూడింట ఒక వంతు మందిలో అసలు జబ్బు అల్జీమర్సే. మెదడు వెనుకభాగం కుంచించుకుపోయి చూపు దెబ్బతిన్నవారిలోనైతే అందరికీ అదే. అల్జీమర్స్ అంటే మతిమరుపే అనుకోకూడదని ఆ వ్యాసం గట్టిగా చెప్పింది.

అదే 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్, ఫెర్గస్ క్రెయిక్, మోరిస్ ఫ్రీడ్‌మన్ 184 మంది రోగుల రికార్డులు చూసి, ద్విభాషుల్లో డిమెన్షియా సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైందని రాశారు. ఆకర్షించే ఫలితమే, కానీ ఒక చిక్కు ఉంది. అక్కడి ద్విభాషుల్లో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవారు. ఊరు వదిలి ఖండాలు దాటగలిగినవారు మొదటినుంచీ గట్టివాళ్లేమో! ఆ గట్టిదనం ఖాతాలో పడాల్సిన లాభాన్ని భాష ఖాతాలో వేస్తున్నామేమో! 2010లో మాంట్రియల్‌లో హోవర్డ్ చెర్ట్‌కావ్ బృందం 632 మందిని పరిశీలిస్తే, మొత్తం మీద రెండు భాషల లాభం కనిపించలేదు. వలస వచ్చినవారిలో మాత్రం కనిపించింది. దాంతో అనుమానం మరింత పెరిగింది.

ఆ ముడి విప్పడానికి హైదరాబాద్ పనికొచ్చింది. ఇక్కడ తెలుగు, ఉర్దూ, దక్కనీ, హిందీ, ఇంగ్లిషు ఒకే వీధిలో వినిపిస్తాయి. రెండో భాష కోసం ఎవరూ దేశం దాటనక్కర్లేదు, బడికి కూడా పోనక్కర్లేదు. పొరుగింటివాళ్లతో, బజారులో, పనిచోట మాట్లాడుతూ మాట్లాడుతూ అదే వస్తుంది. టొరంటోలో వలస భాషతో పెనవేసుకుపోయింది. ఇక్కడ వలస లేకుండానే రెండు భాషలున్నాయి, అక్షరం రాకుండానే రెండు భాషలున్నాయి. భాషా శాస్త్రం, కాగ్నిటివ్ సైన్స్ తెలిసినవారినీ, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్‌నూ కలుపుకొని, 2006 నుంచి 2012 వరకు నిమ్స్ మెమరీ క్లినిక్‌లో రోగ నిర్ధారణ జరిగిన 648 మంది వివరాలను సువర్ణ బృందం విశ్లేషించింది. వారిలో 391 మంది ద్విభాషులు. ఏకభాషుల్లో జబ్బు మొదలైన సగటు వయసు 61.1, ద్విభాషుల్లో 65.6. చదువు, వృత్తి, ఆడ మగ, పల్లె పట్నం తేడాలను లెక్కలో సర్దుబాటు చేశాక కూడా ఎడం నిలిచింది. అక్షరజ్ఞానం లేనివారిని విడిగా చూస్తే అది ఆరేళ్లకు చేరింది. నా దృష్టిలో ఆ వ్యాసానికి గుండెకాయ ఈ చివరి సంగతే. రెండు భాషలు రావడం అంటే ఎక్కువ చదవడమేనన్న వాదన ఇక్కడ నిలవదు, ఎందుకంటే వీరిలో చదువే లేదు.

దీనిపై వచ్చిన అభ్యంతరాలు తేలికగా తోసేయదగ్గవి కావు. జబ్బు ఎప్పుడు మొదలైందో కుటుంబసభ్యులు గుర్తు చేసుకుని చెప్పిందే ఆధారం. పైగా క్లినిక్ దాకా వచ్చినవారే లెక్కలోకి వచ్చారు, ఇంట్లో ఉండిపోయినవారు రాలేదు. ఆరోగ్యంగా ఉన్నవారిని ముందుగా ఎంచుకుని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాల్లో లాభం అంతగా కనిపించలేదు. ఉత్తర మన్‌హటన్‌లో స్పానిష్ మాట్లాడే వెయ్యిమందికి పైగా వలసదారులను గమనించి 2014లో లారా జహోడ్నే బృందం ప్రచురించిన ఫలితం అలాంటిదే. వారిలో రెండు భాషలు వచ్చినవారు మొదట్లో పరీక్షల్లో మెరుగ్గా ఉన్నా, డిమెన్షియా వచ్చే అవకాశం మాత్రం తగ్గలేదు. నిజమే, వెంబడించి చూసే అధ్యయనానికి రుజువుగా బలం ఎక్కువ. అయితే అక్కడ కొలిచింది ఇంగ్లిషు ఎంత బాగా వచ్చునని వారు చెప్పుకున్న అంచనాను. రోజుకు ఎన్నిసార్లు ఒక భాష ఆపి ఇంకో భాష ఎత్తుకుంటారన్నది వేరే ప్రశ్న. హైదరాబాద్‌లో పొద్దున లేచింది మొదలు జరిగే ఆ మార్పిడిని, ఒకే భాషా సమూహంలో ఎక్కువగా మసిలే వలసదారుడి జీవితంతో ఒకే గాటన కట్టలేం.

ఇంతకన్నా గట్టి జవాబు సువర్ణ బృందమే ఇచ్చింది. పక్షవాతం ఎప్పుడు వచ్చిందో ఎవరూ గుర్తు చేసుకుని చెప్పనక్కర్లేదు, రోజు సహా తెలుస్తుంది. కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడిన తేదీలన్న అభ్యంతరం అక్కడ చెల్లదు. నిమ్స్ పక్షవాత రిజిస్ట్రీలోని 608 మందిపై 2016లో వచ్చిన వ్యాసం ప్రకారం, పక్షవాతం తరువాత బుద్ధి సాధారణ స్థాయిలో ఉన్నవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా లేదు. 2017లో ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాపై వచ్చిన ఫలితమూ దీనికి సరిపోయింది: ప్రవర్తన చెడే రకం ద్విభాషుల్లో ఆలస్యమైంది, మాట చెడే రకం కాలేదు. లెక్కల్లో దొర్లిన పక్షపాతమే అసలు కారణమైతే అది రెండు రకాల్లోనూ సమానంగా కనిపించాలి. ఇక్కడ లాభం ఒక దిక్కుకే మొగ్గింది, అదీ దృష్టినీ నిగ్రహాన్నీ నడిపే శక్తుల వైపు. ఒక భాష మాట్లాడుతూ ఇంకోదాన్ని అణచి ఉంచడంలో రోజూ పనిచేసేవి ఆ శక్తులే. అందుకే ఈ వివరణ నాకు సబబనిపిస్తుంది. మూడో భాష, నాలుగో భాష అదనపు లాభం ఇవ్వలేదన్న 2013 ఫలితం కూడా దీనికి అడ్డు రాదు. మార్పిడి అలవాటు రెండో భాషతోనే పడిపోతుంది.

ఇదంతా జబ్బును ఆపే మందు గురించిన మాట కాదు. టొరంటోలో స్కాన్లు తీసి చూస్తే, ఒకే స్థాయి లక్షణాలున్న రోగుల్లో ద్విభాషుల మెదళ్లే ఎక్కువ కుంచించుకుపోయి కనిపించాయి. అంటే జబ్బు లోపల సాగుతూనే ఉంది, బయటపడటమే వెనక్కి జరిగింది. అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేసిన భారతదేశంలో ఆ ఆలస్యం చిన్న విషయం కాదు. కానీ ఆలస్యాన్ని కొలవాలన్నా, జబ్బును గుర్తించాలన్నా ముందు పరీక్ష సరైనదై ఉండాలి. పెన్సిల్ పట్టని రైతు చేతికి పెన్సిల్ ఇచ్చి బొమ్మ గీయమని, అది వంకర పోయిందని మతి పోయిందంటే తప్పు పరీక్షదే. సువర్ణ మిగతా కృషిలో పెద్ద భాగం ఈ తప్పును సరిచేయడానికే పోయింది. బుద్ధిశక్తిని కొలిచే, కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగు రోగులకు, చదువు రానివారికి కూడా పనికొచ్చేలా మలిచారు. ఆ తరువాత భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో పలు కేంద్రాల పరిశోధకులతో కలిసి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో ఉమ్మడి పరీక్షల సంపుటిని తయారుచేశారు. దాన్ని చదువుకున్నవారికీ చదువు లేనివారికీ వర్తించేలా ప్రామాణీకరించే అధ్యయన ప్రణాళిక 2020లో ప్రచురితమైంది.