జీవకణములోని చదువరి

జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను గుట్టమీద ప్రాచీనమైన బౌద్ధ స్తూపము కలదు. 1882లో బర్జెస్ అక్కడ త్రవ్వకములు జరిపినపుడు ఇక్ష్వాకు రాజగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమునాటి శాసనము వెలుగులోనికి వచ్చినది. సిద్ధార్థుడను శిల్పి ఆయక స్తంభములను నిలిపిన వైనము అందు కలదు. ఆ వాక్యములే స్వల్ప భేదములతో మూడు స్తంభములమీద చెక్కబడినవి. చెక్కినవాడు అక్షరముల కాళ్లను వయ్యారముగా సాగదీసినాడు. బ్రాహ్మీ లిపి నేర్చినవారు వచ్చి చదువువరకు అవి రాతిగీతలు మాత్రమే.

వ్రాత ఎంత చక్కగా నున్నను చదువరి లేనిదే ప్రయోజనము లేదు. మన శరీరములోని ప్రతి జీవకణములోను ఇట్టి చదువరులున్నారు. నేడు నందిగామలోగాని జగ్గయ్యపేటలోగాని ‘షుగరు’ అనుమాట వినబడని వీధి యుండదు. ఆ వ్యాధికిని ఈ చదువరులకును గల సంబంధము ఎట్లు బయటపడినదో చెప్పుట మా నేటి ప్రసంగ విషయము.

జన్యువులలోని వ్రాతకు ముందుగా ఒక నకలు తయారగును. ఆ నకలులో మూడేసి అక్షరములు కలిసి ఒక మాట. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఆమైనో ఆమ్లము. వీనిని వరుసగా గ్రుచ్చినచో మాంసకృత్తు ఏర్పడును. కాని ఆ మూడక్షరములను గుర్తించి, తగిన ఆమైనో ఆమ్లమును తెచ్చి అందించునది ఎవరు? 1955లో ఫ్రాన్సిస్ క్రిక్ తన మిత్రులకు పంపిన ఒక వ్యాసములో ఇట్టి మధ్యవర్తి యుండితీరవలెనని ఊహించెను. కొలది సంవత్సరములలోనే బోస్టను నగరమున హోగ్లండు, జమెక్నిక్ మొదలగువారు ఆ మధ్యవర్తిని పట్టుకొని 1958లో ప్రకటించిరి. దానినే నేడు టి-ఆర్.ఎన్.ఏ. అనుచున్నారు. ఒక కొసన ఆమైనో ఆమ్లమును మోయును. మరియొక చోట మూడక్షరములతో నకలును చదువును. ఆ ఆమ్లము దానికి అంటుకొనుటకు వలసిన శక్తి ఏ.టి.పి. అను పదార్థమునుండి వచ్చును. ఈ ఏ.టి.పి.ని 1929లో, జర్మనీలో లోమన్ కనుగొన్న కాలముననే, హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ కథలో తెలుగువాని చేయి అంత తొలినాళ్లలోనే పడినదని చెప్పుకొనుట మాకు ఇష్టము.

టి-ఆర్.ఎన్.ఏ. అక్షరక్రమమును మొదట పూర్తిగా చదివినవాడు రాబర్టు హోలీ. రొట్టెల తయారీకి వాడు ఈస్టును 140 కిలోలు సేకరించి, ఏండ్ల తరబడి వడబోసి, ఒకే జాతికి చెందిన టి-ఆర్.ఎన్.ఏ.ను ఒక గ్రాము మాత్రము సంపాదించెను. 1965లో దాని 77 అక్షరముల వరుసను ప్రకటించెను. 1968లో ఖొరానా, నైరెన్‌బర్గులతోపాటు ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ వరుసలో ఒక వింత కనబడినది. ఆర్.ఎన్.ఏ.కు ఉండవలసినవి నాలుగే అక్షరములు. ఇందులో ఆ నాలుగింటికి చేరని వికృత రూపములు కొన్ని యుండెను. మన ‘క’కు గుడియో కొమ్మో తగిలించినట్లు, ముందు మామూలు అక్షరము తయారై, తరువాత ఎవరో వచ్చి దానికి చిన్న రసాయనిక గుర్తును తగిలించినట్లున్నది. ఆ గుర్తులు పెట్టునవి ఎంజైములు. ఆర్.ఎన్.ఏ.లలో ఇట్టి గుర్తులు నేటికి నూటికి పైగా తెలిసినవి. గుర్తు ఉన్నది నకలుమీద కాదు, చదువరిమీద అను సంగతిని శ్రోతలు గమనింపవలెను.

ఇక మధుమేహము. స్తూపముకడ దొరికిన మాంధాత ఫలకము ఇపుడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. చేయి చాచినంతనే బంగారువాన కురిసినను తృప్తి యెరుగని రాజు మాంధాత. మధుమేహ రోగి దేహము కూడ అట్టిదే. రక్తము నిండ చక్కెర యున్నను కణములు ఆకలితో నుండును. చక్కెరను కణములలోనికి పంపు ఇన్సులిన్‌ను 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు వెలికితీసిరి. అందులో 51 ఆమైనో ఆమ్లములు కలవు. సాంగరు వాని వరుసను 1955 నాటికి పూర్తిగా తేల్చెను. అయితే క్లోమములోని బీటాకణములు దీనిని ఒక్కసారిగా తయారుచేయవు. ముందు 86 ఆమైనో ఆమ్లముల పొడవైన ముడిసరుకును నేసి, నడిమి భాగమును కత్తిరించి పారవేయును. 1967లో స్టైనరు ఈ ముడిరూపమును కనుగొనెను. మనుష్యుని ముడిరూపములో లైసీను అను ఆమైనో ఆమ్లము రెండు చోట్ల మాత్రమే కలదు. ఆ రెంటిలో ఒకటి సరిగా కత్తెర పడవలసిన చోటనే యున్నది! అచట పొరపాటున మరియొక ఆమ్లము వచ్చి కూర్చున్నచో కత్తిరింపు చెడును.

2007లో ఐస్లాండు, ఫిన్లాండు, బ్రిటను, అమెరికా మొదలగు దేశముల పరిశోధకులు వేలమంది జన్యువులను పోల్చి చూచి, మధుమేహులలో హెచ్చుగా కనబడు అక్షరభేదములను ఏరిరి. అందొకటి ఆరవ క్రోమోసోముమీది సి.డి.కె.ఏ.ఎల్.1 అను జన్యువులో నున్నది. దానికి సొంత పేరైనను లేదు. వేరొక జన్యువును పోలియున్నదని దాని పేరుతోనే పిలిచినారు. పనియేమో అప్పటికి తెలియదు. ఆ భేదము రెండు ప్రతులలోను గలవారిలో ఇన్సులిన్ స్పందన తక్కువ యని మాత్రము తేలినది. 2010లో ఈ కుటుంబపు ఎంజైములు లైసీనును మోయు టి-ఆర్.ఎన్.ఏ.లో, చదువు మూడక్షరముల ప్రక్కనే యున్న అక్షరమునకు గంధకమును, దానిమీద ఒక మిథైలు గుంపును చేర్చునని ప్రయోగములు చూపినవి. ఆ మరుసటి యేడు కుమమోతో విశ్వవిద్యాలయమున తొమిజావా బృందము ఎలుకల బీటాకణములలో ఈ ఎంజైము లేకుండ చేసి చూచినది. గుర్తు లేని చదువరి లైసీను మాటలను తప్పుగా చదివెను. ఇన్సులిన్ ముడిరూపము సరిగా తయారు కాలేదు, విడుదల తగ్గినది, రక్తములో చక్కెర అదుపు తప్పినది.

ఇది విని ‘మా వంశములో ఉన్నది, తప్పదు’ అనుకొనువారు కలరు. మేము అంగీకరింపము. మొదటి మాట, మనుష్యులలోని ఆ అక్షరభేదము ఎంజైమును పూర్తిగా తొలగించునది కాదు. అది జన్యువులో మాంసకృత్తుగా మారని భాగముననే యున్నది; దానివలన అపాయము కొంచెము పెరుగును, అంతే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కూడ పాల్గొని 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో 5,164 మంది భారతీయులలో ఈ జన్యువును మరి ఏడింటితో కలిపి పరిశీలించిరి. ఒక్క దోషి దొరకునని కాదు, పెక్కు చిన్న కారణములు కూడునని వారి వెదకులాట.

రెండవ మాట ఆ ఎలుకలదే. కొవ్వు హెచ్చుగా గల మేత పెట్టినపుడు వాని బీటాకణములు మామూలు ఎలుకలకంటె మిక్కిలి అలసిపోయినవి. లోపమొకటి, మేత యొకటి. రెండును కలిసినపుడు హాని హెచ్చు. మన మెట్ట ప్రాంతములో మేత ఎంత మారినదో పెద్దలకు తెలియును. 1955లో పునాది పడిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిన పిమ్మట, ఎడమ కాలువ ఈ వైపునకు నీరు తెచ్చినది. జొన్నన్నము తిన్న ఇండ్లలో మూడుపూటల వరి అన్నము వచ్చినది. వరి ఒక్కదానిమీదనే నేరము మోపుట న్యాయము కాదు. మునేటి ఒడ్డున నడచి పొలము పోవు మనుష్యుడు బండి యెక్కినాడు, తాతలు పండుగకు మాత్రమే చూచిన నూనె పిండివంటలు సంతపూట సామాన్యమైనవి. వైద్యుడు వ్రాయు మందుచీటీలో సి.డి.కె.ఏ.ఎల్.1 పేరు ఇంకను చేరలేదు. ఆ చీటీలో మందుల క్రింద ఆయన వ్రాయునది నడకయు, తిండియుమాత్రమే.