జెంటూ అను మాట

హిందూపురమున మా తరగతి బాలు డొకడు పాత ఇంగ్లీషు పుస్తక మొకటి తెచ్చి, "అయ్యవారూ, జెంటూ అనగా తిట్టా?" అని యడిగెను. అప్పటి కేదో చెప్పి తప్పించుకొంటిమి. పిమ్మట విచారింపగా ఆ ప్రశ్న మే మనుకొన్నంత చిన్నది కాదని తోచినది.

ఇది ఇంగ్లీషువారి సొంతమాట కాదు. పోర్చుగీసువారు మన తీరమున దిగినపుడు మహమ్మదీయులను మూరులనియు, తక్కినవారిని జెంటియోలనియు పిలిచిరి. తమ మతము నెరుగని అన్యజనులని దాని యర్థము. అదే ఇంగ్లీషు వర్తకుల నోట జెంటూ అయ్యెను. కావున పుట్టుకలోనే కొంత చులకన గలదు.

వింత యేమనగా, ఈ మాట ఒక్కొక్క చోట ఒక్కొక్క యర్థము దాల్చినది. బంగాళమున హిందువు లందరును జెంటూలే. అక్కడి పండితులు సంస్కృతమున కూర్చగా పారసీకములోనికి మారిన ధర్మశాస్త్రమును హాల్‌హెడ్ దొర ఇంగ్లీషు చేసెను. 1776లో అచ్చయిన ఆ గ్రంథమునకు జెంటూ చట్టములని పేరు. అందు తెలుగు ఊసే లేదు. చెన్నపట్టణమున మాత్రము జెంటూ అనగా తెలుగు, మలబారు అనగా అరవము! పేరును బట్టి అర్థము తీయబోవుట ప్రమాదమే. మా యూరి పేరు విని హిందువుల పురమని యనుకొనువారు గలరు. మురారిరావు తన తండ్రి హిందూరావు పేర నిలిపె నని ఇచ్చటివారి మాట.

1565లో తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండయు, ధర్మవరమును, మా యూరును 1800లో నిజామునుండి దత్తమండలములతో పాటు కుంపిణీ చేతికి వచ్చినవి. ఇంట తెలుగును, సంతలో కన్నడమును మాట్లాడు రైతు తన భాషకు జెంటూ అను పేరు గలదని కలనైన నెరుగునా? 1816లో కాంబెల్ దొర తన వ్యాకరణమునకు తెలుగు పేరే పెట్టియు, వాడుకలో జెంటూ అనబడునదని ముఖపత్రముననే చేర్చవలసి వచ్చెను. అచ్చులోనికి ఒక పేరు, నోటికి మరియొక పేరు! 1852 నాటి బ్రౌను నిఘంటువు ముఖపత్రమున తెలుగు ఒక్కటే నిలిచినది. నేడు జెంటూ అనిన ఇంగ్లీషువారికి దక్షిణసముద్రపు పెంగ్విను పక్షియే స్ఫురించును.

ఇదంతయు మరునాడు తరగతిలో చెప్పితిమి. ఆ బాలుడు ఊరకుండక, "మరి మనము తమిళులను అరవవా రనుచున్నాము గదా, వారు తమకు పెట్టుకొన్న పేరా అది?" అనెను. వెనుక బల్లమీది తమిళ బాలుడు తల వంచుకొని నవ్వెను. పైన మేమును అరవ మనియే వ్రాసితిమి. చదువరులు గమనించిరో లేదో.