నీటిలో అంటుకొను జిగురు

తుమ్మజిగురుతో అంటించిన కాగితము నీట తడిసినచో ఊడిపోవును. మస్సెల్ అను సముద్రపు ఆల్చిప్ప మాత్రము అలల తాకిడిలో సైతము తన సన్నని దారములతో రాతిని పట్టుకొని వదలదు.

1981లో అమెరికాలోని కనెక్టికట్‌లో వెయిట్, టాన్జర్ అనువారు ఈ ఆల్చిప్ప పాదమునుండి తీసిన ప్రోటీనులో ‘డోపా’ అను ఎమైనో ఆమ్లమును గుర్తించిరి. (పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చు మందు కూడ ఇదియే.) ఆ ప్రోటీనులో 10 ఎమైనో ఆమ్లముల వరుస మరల మరల వచ్చుచున్నదని 1983లో వెయిట్ చూపెను. ఇట్టి పొట్టి గొలుసే పెప్టైడు. ఆ ప్రోటీను దారమునకు పైపూత మాత్రమేననియు, రాతిని తాకునవి డోపా మెండుగాగల దాని బంధువులనియు తరువాత తెలిసినది. డోపా వలయముపై పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహములు కలవు. టైటానియము వంటి లోహముపై సహజముగా ఏర్పడు ఆక్సైడు పొరలోని లోహ పరమాణువును ఇవి పట్టుకారువలె పట్టుకొనును. నీరు అడ్డము రాదు.

శరీరములో అమర్చు లోహపు పరికరములకు ప్రోటీనులు, బాక్టీరియాలు అంటుకొనుట వైద్యులకు పెద్ద చిక్కు. 2003లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో మెసర్‌స్మిత్ బృందము ఆ పెప్టైడు నమూనాను పాలిఇథిలీన్ గ్లైకాల్ గొలుసునకు తగిలించి టైటానియముపై పూసెను. పెప్టైడు లోహమును పట్టుకొనెను. నీటిని నిలుపుకొను గ్లైకాల్ గొలుసు కణములను దరిచేరనీయలేదు. జిగురే అంటుకొననీయని పూతకు ఆధారమగుట చిత్రమే!

అయితే డోపా ఆక్సీకరణము చెందినచో టైటానియముపై దాని పట్టు మిక్కిలి సడలునని, ఒక్కొక్క అణువునే పట్టి లాగి చూచిన 2006నాటి ప్రయోగములో తేలినది. క్షార ద్రావణములో గాలి సోకిననే చాలును, డోపాకు ఆక్సీకరణము తప్పదు.